ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి కాదు

కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఏది పాడైనా నన్నే పిలుస్తున్నారు. టీవీ రిమోట్, నాన్న ఫోను, పక్కింటివాళ్ల ఆధార్ అప్‌డేట్, అన్నీ నా సబ్జెక్టులే అనుకుంటారు. కారు పాడైతే మాత్రం ఎవరూ పిలవరు. మొన్న వేసవి సెలవుల్లో కూడా పిలవలేదు. నేనే వెళ్లి తల దూర్చాను. దాని గురించే ఈ వ్యాసం. ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్నదాన్ని, తెలుగులో రాయడం ఇంకా కొత్త. తప్పులుంటే క్షమించండి, వైరింగ్‌లో తప్పులుంటే మాత్రం అడగండి.

మా ఊరు పెద్దకడుబూరు. ఇటు ఆదోని, అటు ఎమ్మిగనూరు. పెద్ద పని ఏదున్నా ఈ రెండింటిలో ఒకదానికి పోవాల్సిందే. మా నాన్న పత్తి వేస్తాడు. ఆయన దగ్గర ఇరవై ఏళ్లు దాటిన ఒక చిన్న పాత కారు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కంపెనీ పేరు ఎందుకులెండి, అంత వయసున్న ఏ బండికైనా రాగల జబ్బే ఇది. ఆ కారు మాకే కాదు, మా వీధి మొత్తానికీ ఆసరా. మార్కెట్ యార్డుకు పోవాలన్నా, రాత్రిపూట ఎవరికైనా నొప్పులొచ్చినా మా తలుపే తడతారు.

ఆ కారు ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి కాదు. పూర్తిగా పాడైపోతే బాగు చేయించుకోవచ్చు. ఇది అలా పాడయ్యేది కూడా కాదు.

మే నెలలో ఒక రాత్రి నాన్న ఆదోని నుంచి ఎనిమిదిన్నరకు వచ్చాడు. కారు ఇంటి ముందు ఆపి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు కూడా కాలేదు, అవ్వకి ఆయాసం ఎక్కువైంది. మాట రావడం లేదు. అందరం కలిసి ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టాం. నాన్న తాళం తిప్పాడు. 'టక్' అని ఒకటే చప్పుడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ 'టక్'. హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజిన్ మాత్రం కదలదు. అవ్వ చెయ్యి పట్టుకుని ఆ టక్కు టక్కులు లెక్కపెడుతూ కూర్చున్నది నేనే. ఏడు. తర్వాత చిన్నాన్న, ఇంకో ఇద్దరు వచ్చి వీధి చివరి దాకా తోశారు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే బండి అందుకుంది.

ఆదోనిలో ఆసుపత్రికి చేరాం. గాలి పెట్టారు, ఇంజక్షన్ ఇచ్చారు, తెల్లారేసరికి అవ్వ కుదుటపడింది. పొద్దున్నే ఆసుపత్రి ముందు నాన్న తాళం తిప్పితే కారు ఏమీ ఎరగనట్టు ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది. స్టార్ట్ అయినందుకు నాన్నకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మేద్దాం పాపా," అన్నాడు దారిలో. "నమ్మకం లేని బండిని ఇంట్లో పెట్టుకోని ఏం జేసేది?"

అప్పటికే మార్చిన సామాన్లు

అప్పటికే ఈ జబ్బుకి వైద్యం ఏడాది నుంచి నడుస్తోంది. మొదట బ్యాటరీ మార్చారు, 4,200 రూపాయలు. ఒక నెల బాగుంది అనిపించింది, మళ్లీ మొదలైంది. తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చారు, 900. మళ్లీ కొన్నాళ్లకు అదే టక్. ఇప్పుడు సెల్ఫ్ మొత్తం కొత్తది వేయాలి, 5,500 అవుతుంది అన్నారు.

ఆ మెకానిక్ మోసం చేసే మనిషి కాదు. ఆయన బాధ ఒక్కటే. "నా దగ్గరికొస్తే బాగనే స్టార్ట్ అవుతాది కదప్పా, నేనేం చూసేది?" అంటాడు. నాకు నవ్వొచ్చింది. మన ల్యాబ్‌లో రోజూ వినే మాటే ఇది: "నా సిస్టమ్‌లో రన్ అవుతోందిరా." పట్టుకుందామని చూసేసరికి మాయమయ్యే తప్పుకి మన ఫీల్డ్‌లో 'హైజెన్‌బగ్' అని పేరు. జిమ్ గ్రే అనే శాస్త్రవేత్త 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో వివరించిన తన పేపర్లో ఈ మాట వాడాడు.

ఇలాంటి బగ్ వచ్చినప్పుడు మనం కోడ్‌లో అక్కడో లైను ఇక్కడో లైను మార్చి చూస్తాం. అనుకోకుండా రన్ అయితే బాగైపోయిందని సంబరపడతాం. కారు విషయంలో జరిగింది సరిగ్గా అదే. బ్యాటరీ మార్చాక కొన్నాళ్లు బాగుండటం చూసి బ్యాటరీదే తప్పు అనుకున్నారు. అసలు ఏ పరిస్థితిలో ఆగిపోతోందో ఎవరూ రాసుకోలేదు.

రెండు వారాల నోటుబుక్

"రెండు వారాలు ఆగు నాన్నా, తర్వాత అమ్మేద్దువు," అన్నాను. నాన్న ఒప్పుకున్నాడు. అవ్వ కోసం ఒప్పుకున్నాడో, నా మాట మీదో తెలీదు.

కారులో ఒక నోటుబుక్ పెట్టాం. స్టార్ట్ చేసిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయాలి: ఎన్ని గంటలకు, అంతకు ముందు ఎంతసేపు నడిచింది, ఆపి ఎంతసేపైంది, స్టార్ట్ అయిందా లేదా. నాన్న మొదటి రెండు రోజులు మర్చిపోయాడు. తర్వాత ఆయనే పెన్ను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

రెండు వారాల్లో 41 సార్లు స్టార్ట్ చేశాం. 9 సార్లు ఫెయిల్ అయింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. ఆ 9 సార్లూ ఒకటే కథ: బండి కనీసం అరగంట నడిచింది, ఆపాక అరగంట లోపలే మళ్లీ స్టార్ట్ చేశాం. ఆ రాత్రి జరిగిందీ ఇదే. నాన్న అప్పుడే ఆదోని నుంచి వచ్చాడు, ఇంజిన్ కాలిపోతోంది. మెకానిక్ దగ్గర కారు గంటసేపు ఆగి ఉంటుంది కాబట్టి ఆయన వంతు వచ్చేసరికి చల్లారిపోతుంది, స్టార్ట్ అవుతుంది.

'ఒక్కోసారి' అన్న మాట పోయి 'వేడిగా ఉన్నప్పుడు' అన్న మాట వచ్చింది. సగం పని అక్కడే అయిపోయింది.

తాళం తిప్పితే లోపల ఏం జరుగుతుంది

పెట్రోల్ ఇంజిన్ తనంతట తాను మొదలు కాలేదు. ఎవరో ఒకరు మొదట తిప్పాలి. మా తాత చేనులో ఆయిల్ ఇంజిన్‌కి హ్యాండిల్ కొట్టేవాడట. మొదట్లో కార్లకీ అంతే, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవారు. అది వెనక్కి తంతే చేతులు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. 'సెల్ఫ్' అని మన మెకానిక్‌లు పిలిచేది దీన్నే.

సెల్ఫ్ మోటార్‌కి వంద ఆంపియర్ల పైన కరెంటు కావాలి. మీ ఫోన్ చార్జర్ ఇచ్చేది రెండు మూడు ఆంపియర్లు. అంత కరెంటును తాళం స్విచ్ గుండా పంపితే స్విచ్ కాలిపోతుంది. అందుకే మోటార్ నెత్తిన సోలినాయిడ్ అనే భాగం ఉంటుంది. అదొక రాగి తీగ చుట్ట, లోపల ఒక ఇనుప కడ్డీ. తాళం తిప్పినప్పుడు సన్న వైరు గుండా ఆ చుట్టకి కరెంటు వస్తుంది, చుట్ట అయస్కాంతం అవుతుంది, కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది: మోటార్ పళ్లచక్రాన్ని ముందుకు నెట్టి ఇంజిన్ చక్రానికి తగిలిస్తుంది, తర్వాత రెండు లావు రాగి ముక్కల్ని కలుపుతుంది. అవి కలిసినప్పుడే బ్యాటరీ నుంచి లావు వైరు గుండా మోటార్‌కి అసలు కరెంటు పోతుంది.

కడ్డీ కొంచెం కదిలి, చివరి దాకా పోలేకపోతే? 'టక్' మంటుంది, ఇంజిన్ తిరగదు. మాకు వినపడింది అదే.

మీ బండిలో కూడా చప్పుడును బట్టి చాలా తెలుసుకోవచ్చు. తాళం తిప్పగానే లైట్లు కూడా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ లూజుగా ఉందేమో చూడాలి. 'టకటకటక' అని వరసగా కొట్టుకుంటే ఎక్కువసార్లు బ్యాటరీలో చార్జి లేదని అర్థం. మోటార్ 'గుయ్య్' అని ఒంటరిగా తిరిగి ఇంజిన్ కదలకపోతే పళ్లచక్రం దగ్గర, అంటే బెండిక్స్ దగ్గర చూడాలి. ఇంజిన్ బాగానే తిరుగుతూ అందుకోకపోతే పెట్రోలో, స్పార్కో సరిగా లేదు, అది వేరే కథ. లైట్లు బాగా వెలుగుతూ ఒక్క 'టక్' మాత్రమే వస్తే, మా కథ.

మీటరు ఏం చెప్పింది

ఈసీఈ చదివే ఫ్రెండ్ దగ్గర మల్టీమీటర్ అడిగి తెచ్చుకున్నాను. నాన్న, నేను కావాలని ఆదోని దాకా పోయి వచ్చాం. ఇంటి ముందు ఆపి, పది నిమిషాలు ఆగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి బానెట్ ఎత్తాం. మూడోసారికి టక్ వచ్చింది. అన్ని రోజులూ అది రాకూడదని మొక్కుకున్నవాళ్లం, ఆ రోజు వచ్చిందని సంతోషపడ్డాం.

నాన్న తాళం తిప్పి పట్టుకున్నాడు. బ్యాటరీ మీద మీటరు 12.3 వోల్టులు చూపింది. సోలినాయిడ్ మీద సన్న వైరు వచ్చే చిన్న టెర్మినల్ దగ్గర పెడితే 7.8 చూపింది. అంటే దాదాపు నాలుగున్నర వోల్టులు దారిలోనే పోతున్నాయి. అర వోల్టు పోతేనే అనుమానించాలని చదివాను.

ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సు, అక్కడి నుంచి స్టీరింగ్ కింద తాళం స్విచ్, స్విచ్ లోపల ఇరవై ఏళ్లుగా అరిగిన రాగి బిళ్లలు, తర్వాత రెండు మూడు ప్లాస్టిక్ కనెక్టర్లు, తుప్పు పట్టిన పిన్నులు, మళ్లీ ఇంజిన్ దగ్గరికి సన్న వైరు. ఒక్కో చోట కొంచెం కొంచెం రెసిస్టెన్స్.

ఇదంతా నాన్నకి ఓమ్స్ లా తో చెప్పబోయాను. రెసిస్టెన్స్‌కి తెలుగు మాట 'నిరోధం' అని డిక్షనరీలో చూసి మరీ చెప్పాను. ఆయన కాసేపు విని, "అంటే మన కాలువ కథనే కదా పాపా," అన్నాడు.

మా వైపు తుంగభద్ర దిగువ కాలువ నీళ్లొస్తాయి. హోస్పేట దగ్గర డ్యాములో నీళ్లు ఉంటాయి, కాలువ మొదట్లో ఉన్న చేలకి అందుతాయి. దారి పొడుగునా ఇంకిపోయి, గండ్లు పడి, పూడిక చేరి, చివరి చేనుకు వచ్చేసరికి తడి మాత్రమే మిగులుతుంది. చివరి చేను రైతును ఎవరిని అడిగినా చెబుతారు, డ్యాములో నీళ్లు ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న, నా చేనుకు వచ్చాయా అన్నది ఇంకో ప్రశ్న. బ్యాటరీ మార్చడం అంటే డ్యాము నింపడం. మా సోలినాయిడ్ కాలువ చివరి చేను.

నేను రెండు సెమిస్టర్లు చదివినదాన్ని నాన్న రెండు వాక్యాల్లో చెప్పేశాడు.

మరి వేడికీ దీనికీ ఏం సంబంధం?

రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం. 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు పోతే దాదాపు 27 శాతం. సెల్ఫ్ మోటార్ ఇంజిన్‌కి ఆనుకునే ఉంటుంది. పైగా బండి ఆపాక ఫ్యాన్ గాలి, ఎదురుగాలి రెండూ ఆగిపోతాయి కాబట్టి ఇంజిన్ వేడి మెల్లగా దాని మీదికి ఎక్కుతుంది. మన కర్నూలు జిల్లా మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా?

చిన్న లెక్క చేద్దాం. లెక్క తేలిక కోసం అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నా. సోలినాయిడ్ చుట్ట ఒక ఓమ్, బ్యాటరీ 12 వోల్టులు అనుకోండి. దారి శుభ్రంగా ఉంటే 12 ఆంపియర్లు పోతాయి. దారిలో అర ఓమ్ కలిస్తే 12 ను 1.5 తో భాగించాలి, 8 ఆంపియర్లు. ఇంజిన్ వేడెక్కి చుట్ట 1.27 ఓమ్ అయితే 12 ను 1.77 తో భాగించాలి, సుమారు 6.8. అయస్కాంతం లాగే బలం దాదాపుగా కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది. మొదటి బలం 100 అనుకుంటే, పాత దారిలో చల్లగా ఉన్నప్పుడు 44, వేడిగా ఉన్నప్పుడు 32. కడ్డీని లాగడానికి 40 కావాలి అనుకోండి. పొద్దున్న స్టార్ట్ అవుతుంది, మధ్యాహ్నం కాదు!

వేడి ఒక్కటే కారణం కాదు, పాత దారి ఒక్కటే కాదు. రెండూ కలిసినప్పుడే గీత దాటుతుంది. అందుకే ఒక్కోసారి.

290 రూపాయల మందు

దారి మొత్తం కొత్తగా వేయాలంటే డాష్‌బోర్డు విప్పాలి. దానికంటే తేలిక పని ఒకటుంది: చివరి చేను పక్కనే ఒక తూము పెట్టి, దానికి బ్యాటరీ నుంచి నేరుగా ఒక పొట్టి కాలువ తవ్వడం. పాత దారి గుండా నీళ్లు పంపక్కర్లేదు, తూము తెరవమని కబురు పంపితే చాలు. ఆ తూము పేరే రిలే.

అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల డబ్బా అది. లోపల ఒక సన్న తీగ చుట్ట, ఒక స్విచ్. చుట్టకి చిన్న కరెంటు ఇస్తే స్విచ్ మూసుకుంటుంది, దాని గుండా పెద్ద కరెంటు పోతుంది. రిలే చుట్ట దాదాపు 80 ఓమ్‌లు ఉంటుంది, అంటే దానికి కావాల్సింది 0.15 ఆంపియర్లే. పాత దారిలోని అర ఓమ్ మీద అంత చిన్న కరెంటుకి పోయేది 0.1 వోల్టు కూడా కాదు. అదే దారి, కానీ ఇప్పుడు దాని మీద బరువు లేదు.

మన బ్రాంచివాళ్లకి ఈ డబ్బా దూరపు చుట్టం కాదు, ముత్తాత. జర్మనీలో కోన్రాడ్ జూసా 1941లో కట్టిన జెడ్3 కంప్యూటర్ సుమారు 2,600 రిలేలతో నడిచింది. క్లాడ్ షానన్ 1937లో తన మాస్టర్స్ థీసిస్‌లో రిలే సర్క్యూట్లనీ బూలియన్ ఆల్జీబ్రానీ కలిపాడు. మనం డీఎల్‌డీ ల్యాబ్‌లో తిట్టుకుంటూ చేసే గేట్లకి పునాది అదే. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ ఆగిపోతే, ఆపరేటర్లు వెతికి ఒక రిలేలో ఇరుక్కున్న పురుగును పట్టుకుని లాగ్ బుక్‌లో టేపుతో అతికించారు. 'బగ్' అనే మాట అంతకుముందే ఇంజినీర్ల నోళ్లలో ఉంది, నిజం పురుగు దొరికింది మాత్రం అప్పుడే. వాళ్లూ పుస్తకంలో రాసుకున్నారు, మా నాన్నా రాశాడు.

ఆదోనిలో ఆటో ఎలక్ట్రికల్ షాపులో కొన్నవి ఇవి: సాకెట్‌తో కలిపి 12 వోల్టుల రిలే 160, ఫ్యూజు, దాని హోల్డరు 40, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు రెండు మీటర్లు 60, క్లిప్పులు 20, టేపు 10. మొత్తం 290 రూపాయలు.

రిలే కింద పిన్నులకి నంబర్లు ఉంటాయి. ఇవి జర్మన్ స్టాండర్డు నంబర్లు, ఏ కంపెనీ రిలే కొన్నా చాలావరకు ఇవే. కలిపే పద్ధతి ఇది:

1. మొదట 10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. ఇది మర్చిపోతే మిగతావి చదవకండి.

2. సోలినాయిడ్ చిన్న టెర్మినల్ నుంచి పాత సన్న వైరును పీకి, దాన్ని రిలే 86 కి ఇవ్వండి. తాళం నుంచి వచ్చే కబురు ఇదే.

3. రిలే 85 నుంచి బాడీకి ఎర్త్ ఇవ్వండి. ఎర్త్ ఇచ్చే చోట పెయింటు, తుప్పు పోయేలా ఉప్పు కాగితంతో రుద్దాలి.

4. బ్యాటరీ పాజిటివ్ నుంచి 25 ఆంప్స్ ఫ్యూజు గుండా 2.5 వైరును రిలే 30 కి ఇవ్వండి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఫ్యూజు లేకుండా వేస్తే, ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలిన రోజు నిప్పు పుడుతుంది.

5. రిలే 87 నుంచి అదే లావు వైరును సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కి ఇవ్వండి.

6. రిలేను సైలెన్సర్ పైపుకి దూరంగా, నీళ్లు చేరకుండా పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. చివరగా నెగటివ్ టెర్మినల్ పెట్టండి, అప్పుడు కూడా గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి.

చేసే ముందు అవ్వ వచ్చి చూసింది. "ఏం పాపా, కారుకి కరెంటు పెడ్తాండావా?" అంది. "కరెంటు ఉందవ్వా, దారి పెడుతున్నా," అన్నాను.

నేను చేసిన తప్పు

ఇది రాయకూడదనుకున్నా. కానీ మీలో ఎవరైనా ఈ పని చేస్తే ఉపయోగపడుతుంది.

షాపులో నాకు ఇచ్చింది ఐదు పిన్నుల రిలే. మధ్యలో 87ఏ అని ఇంకో పిన్ను ఉంటుంది. 87 కీ దీనికీ తేడా ఏమిటంటే, రిలేకి కబురు రానప్పుడు కూడా 30, 87ఏ కలిసే ఉంటాయి. నేను తొందరలో లావు వైరును 87ఏ కి పెట్టేశాను. నెగటివ్ టెర్మినల్ తగిలించగానే నిప్పురవ్వ లేచింది, తాళం ముట్టుకోకుండానే ఇంజిన్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. గుండె జారిపోయింది. టెర్మినల్ వెంటనే లాగేశాను. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ మీద ఉంది కాబట్టి బండి కదల్లేదు. ఫస్ట్ గేర్‌లో ఉండి ఉంటే ఎదురుగా నిలబడి చూస్తున్నది అవ్వ.

అందుకే న్యూట్రల్ అని రెండు సార్లు రాశాను. నాలుగు పిన్నుల రిలే అడిగి తీసుకోండి. ఐదు పిన్నులదే దొరికితే మధ్య పిన్నును ఖాళీగా వదిలేయండి. పెట్టేముందు మీటరుతో చూసుకోండి: కబురు లేనప్పుడు 30 కీ మీరు వాడే పిన్నుకీ మధ్య కలయిక ఉండకూడదు. కోడ్ అయితే అన్‌డూ ఉంటుంది, ఇక్కడ లేదు.

వైరు సరిచేసి, మళ్లీ ఆదోని దాకా పోయి వచ్చాం. వేడి ఇంజిన్, పది నిమిషాల విరామం, తాళం. ఒక్క దెబ్బకే తిరిగింది. ఆపి, మళ్లీ. మళ్లీ. పది సార్లకు పది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 10.6, చిన్న టెర్మినల్ దగ్గర 10.3. నాలుగున్నర వోల్టుల తేడా 0.3 కి వచ్చింది.

ఇది అన్నిటికీ మందు కాదు

ఈ వ్యాసం చదివి రేపే రిలే కొనకండి. ముందు కొలవండి. వేడిగా ఉండి ఫెయిల్ అయిన క్షణంలో చిన్న టెర్మినల్ దగ్గర 11 వోల్టులు వస్తున్నా ఇంజిన్ తిరగకపోతే తప్పు సోలినాయిడ్‌లోనో మోటార్‌లోనో ఉంది, లేదా లావు వైరు, ఇంజిన్ ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉండొచ్చు. అప్పుడు రిలే పెట్టినా దండగే. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొరను శుభ్రం చేయడం మొట్టమొదటి పని. దానికి ఖర్చు లేదు.

చాలా కొత్త కార్లలో కంపెనీ నుంచే స్టార్టర్ రిలే ఉంటుంది. బటన్ స్టార్ట్ ఉన్న బండ్లలో కంప్యూటర్ కూడా మధ్యలో ఉంటుంది. వాటి వైర్లు కోయకండి. ఫ్యూజు బాక్సులో స్టార్టర్ రిలే, హారన్ రిలే ఒకే నంబరువి అయితే వాటిని తాత్కాలికంగా అటూ ఇటూ మార్చి చూడొచ్చు, రిలే తప్పా కాదా అన్నది తెలిసిపోతుంది. సెల్ఫ్ మీద స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేసే పద్ధతి మన ఊళ్లలో చాలామందికి వచ్చు. దయచేసి వద్దు. బండి గేర్‌లో ఉంటే చేసినవాడి మీదికే వస్తుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. నేను పాత దారిని బాగు చేయలేదు, దాని మీద బరువు తీసేశాను. తాళం స్విచ్ ఇంకా అరిగినదే. ఇప్పుడు దాని గుండా పోయే కరెంటు తక్కువ కాబట్టి ఇంకొన్నాళ్లు బతుకుతుంది. ఎప్పుడో ఒకరోజు దాన్నీ మార్చాల్సిందే. ఆ సంగతి కూడా నోటుబుక్ చివరి పేజీలో రాసి పెట్టాను.

మెకానిక్ దగ్గరికి పోయి చూపించాం. బానెట్ ఎత్తి, మీటరు అంకెలు చదివి, "రెండు వారాలు రాసినారా!" అన్నాడు. రిలే కన్నా నోటుబుక్‌నే ఎక్కువసేపు చూశాడు. ఇప్పుడు ఇలాంటి బండి ఏది వచ్చినా "వేడి మీద ఆగుతాదా, చల్లగా ఉన్నప్పుడా?" అని మొదట అడుగుతున్నాడట.

ఆరు నెలలైంది. కారు అమ్మలేదు. పోయిన నెల రాత్రి పదకొండుకి మా వీధిలో ఒక అక్కకి నొప్పులొచ్చాయి. నాన్న అప్పుడే ఎమ్మిగనూరు నుంచి వచ్చి బండి ఆపాడు. నేను హాస్టల్లో ఉన్నాను, తర్వాత రోజు ఫోన్‌లో చెప్పాడు. ఆడపిల్ల పుట్టిందట, ఇద్దరూ బాగున్నారట.

"బండి?" అని అడిగాను.

"బండికేమైంది?" అన్నాడు నాన్న.